బీఎస్6 టిప్పర్లో బయోడీజిల్ పోయొచ్చా, ఇంజిన్ గుల్లయిద్దా?

చీమకుర్తి టిప్పర్:
అన్నలూ ఒక డౌటు. నాకు రెండు టిప్పర్లున్నయ్, ఒకటి 2014ది, పాత పొగ రూల్సు బీఎస్3 బండి, ఇంకోటి 2022ది, కొత్త రూల్సు బీఎస్6. ఒకాయన షెడ్డు కాడికే వచ్చి బయోడీజిల్, అదే నూనెలతో చేసే డీజిల్, పోస్తానంటన్నాడు, వంద శాతం బయో అంట, లీటరుకి 14 రూపాయలు తక్కువ. రెండు బండ్లకీ కలిపి రోజుకి 150 లీటర్లు పట్టిద్ది, అంటే రోజుకి 2100 మిగిలిద్ది. ఈఎంఐలు కట్టేవాడికి ఇది చిన్న లెక్క కాదు. ఎవరన్నా వాడినోళ్ళు ఉంటే చెప్పండి, వాడనోళ్ళు కూడా చెప్తారని తెల్సులే.

రొయ్యలగుంట విడవలూరు:
నేను వాడినా. గుంట కాడ పాత జనరేటరుకి రెండేళ్ళుగా సగం సగం కలిపి పోస్తుండా, ఏం కాలా. మొదట్లో మాత్రం నెలకి మూడు ఫిల్టర్లు మార్చినా, హోస్ పైపులు ఉబ్బి కారితే అవీ మార్పించినా, ఆ తర్వాత బ్రహ్మాండం. పొగ తగ్గింది, గుంట కాడ ఆ వాసన కూడా వేరే, వడలు వేయించినట్టు ఉంటాది. ఊరికే భయపడతారబ్బా జనం.

ఆటోనగర్ పంపు మెకానిక్:
విడవలూరన్నా, నువ్వు చెప్పింది నిజమే, కానీ నీ జనరేటరు వేరు ఆయన బండి వేరు. బయోడీజిల్ ట్యాంకులో ఏళ్ళుగా పేరుకున్న మడ్డినంతా కడిగేసి తెస్తాది, నీ ఫిల్టర్లు అందుకే మూసకపోయినాయి. పాత రబ్బరు దానికి తట్టుకోదు, పైపులు అందుకే ఉబ్బినాయి. పాత పంపుకి అంతటితో సరి. కామన్ రైల్, అంటే కొత్త ఇంజిన్లలో అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పైపులోంచి డీజిల్ పోయే పద్ధతి, అట్లా కాదు సామీ, 1600 బార్ పైన ప్రెషరు, ఇంజెక్టర్ లోపల సందు వెంట్రుక కంటే సన్నం, అందులోకి కాస్త నీళ్ళో జిగురో పోయిందంటే సెట్టు మొత్తం దింపాల్సిందే. ఆరు ఇంజెక్టర్ల రేటు నేను చెప్పను, ఆ రాత్రి నీకు నిద్ర పట్టదు.
ఇంకోటి ఎవురూ చూడంది ఇంజిన్ ఆయిలు. బీఎస్6లో సైలెన్సర్ కాడ పొగలో మసి పట్టే ఫిల్టరు, డీపీఎఫ్, ఉంటాది కదా, దాంట్లో మసి కాల్చేదానికి కొన్ని ఇంజిన్లు ఆఖర్లో సిలిండర్లోకే ఇంకాస్త డీజిల్ కొడతాయి. డీజిలైతే చాలామటుకు ఆవిరై బయటికి పోతాది. బయో తొందరగా ఆవిరి కాదు, గోడెమ్మట జారి కిందికి ఇంజిన్ ఆయిలుండే చాంబర్లోకి దిగతాది. డిప్‌స్టిక్ తీస్తే బయో కలిసి ఆయిలు పెరిగుంటాది, మనోళ్ళేమో ఆయిలు తాగట్లేదు మంచి బండి అని సంతోషపడతారు! ఆ డీజిల్ని ఎగ్జాస్టులో విడిగా కొట్టే బండ్లకి ఈ బాధ తక్కువ, నీదేదో పుస్తకంలో చూసుకో.

కందుకూరోణ్ణి:
1900లో పారిస్ ఎగ్జిబిషన్లో డీజిల్ ఇంజిన్ని వేరుశెనగ నూనెతోనే నడిపి చూపించారు తెలుసా. మన శెనక్కాయల నూనెతో నడిచిన ఇంజినికి ఇప్పుడు కొత్తగా ఏం రోగం

కెమిస్ట్రీ మాస్టారు:
నడిచింది నిజమే బాబూ, ఆ ఇంజినూ ఈ ఇంజినూ ఒకటి కాదు. వంటనూనె డీజిల్ కంటే పది రెట్లు పైగా చిక్కన. దాన్ని మిథనాల్ అనే స్పిరిటూ, కాస్టిక్ సోడా కలిపి మార్చి, గ్లిజరిన్ తీసేసి, కడిగి ఆరబెడితేనే బయోడీజిల్. సరిగ్గా కడక్కపోతే కాస్టిక్ లోని సోడియం మిగిలి డీపీఎఫ్‌నీ, ఆ వెనకున్న, పొగలో విషవాయువు తగ్గించే యూరియా క్యాటలిస్టునీ పాడు చేస్తుంది. మన దేశం స్టాండర్డ్ ప్రకారం మామూలు డీజిల్లోనే 7 శాతం దాకా బయో ఉండొచ్చు, 20 దాకా కలిపేదానికి వేరే స్టాండర్డ్ ఉంది. కాబట్టి బయో అంటేనే విషం అనడం తప్పు. సల్ఫర్ 10 పీపీఎంకి (పది లక్షల్లో పది వంతులకి) తగ్గించినాక డీజిల్లో జిడ్డుతనం తగ్గింది, ఒకటి రెండు శాతం బయో కలిస్తే పంపుకి మంచిదే.
ఒక పరీక్ష చెప్తా. 27 ఎంఎల్ మిథనాల్లో 3 ఎంఎల్ ఆ సరుకు పోసి ఊపి అరగంట ఉంచండి. మారని నూనె ఉంటే అడుగున చుక్కలుగా దిగుతుంది. పూర్తిగా కరిగినంత మాత్రాన సోడియం, నీళ్ళు లేవని కాదు. మిథనాల్ విషం, జాగ్రత్త.

రొయ్యలగుంట విడవలూరు:
మాస్టారూ ఇండోనేషియాలో 2025లోనే 40 శాతం కలపడం మొదలుపెట్టినారు, అక్కడ కొత్త బండ్లు లేవా? మనం 2018 బయోఫ్యూయల్ పాలసీలో 2030కి 5 శాతం అని రాసుకుని కూర్చున్నాం. మన కృష్ణపట్నం పోర్టులోనూ పామాయిల్ దిగుమతి పడతాది, మనకేం తక్కువ.

ఆటోనగర్ పంపు మెకానిక్:
అది 40 అన్నా, టెస్టు చేసి కలిపింది. ఇక్కడ నూరు, డ్రమ్ములో తెచ్చింది, బిల్లు కూడా ఉండదు. పాలసీ సంగతి నువ్వు చెప్పింది నాకూ ఇష్టమే, కానీ వారంటీ పోతే పాలసీ వచ్చి కడతాదా.

చీమకుర్తి టిప్పర్:
మాస్టారు చెప్పినట్టు చేశా. అరగంటకి అడుగున తేనె లాగా దిగింది. పుస్తకం కూడా తీశా, బీఎస్6కి 7 శాతం దాకానే అని ఉంది. పోసేటోడికి ఫోన్ చేసి టెస్టు రిపోర్టు ఉందా అంటే, మీరు నమ్మకం మీద బతకండన్నా అన్నాడు. కొత్త బండికి బంకు డీజిలే. బీఎస్3 సంగతే తేలట్లా, దానికి హోసులు మార్చి 20 శాతం కలిపితే ఎట్టా ఉంటదంటారు, అదీ రిపోర్టు ఇచ్చేటోడు ఎవరన్నా దొరికితేనే. ఆ సీసా మీద విషం అని రాసి పైన పెట్టా, క్లీనరు మందనుకుంటాడని.