రుక్మిణి అన్న “నే నేర”లో “నే” ఎవరు? (ఆహ్వానానికి జవాబు రాస్తూ అడుగుతున్నాను)

నల్లకుంట:
హనుమకొండలో మా మేనమామగారి షష్టిపూర్తి. ఆహ్వానపత్రిక అచ్చు వేయించినదే, కానీ లోపల ఒక కాగితం మామయ్య స్వదస్తూరీతో నాకోసం రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టి, పోస్టులో పంపారు. మోకాలి ఆపరేషన్ అయి నేను కదల్లేని స్థితి. ఫోన్లో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకోవడానికి మనసొప్పలేదు. చేత్తోనే జవాబు రాస్తున్నాను. “పిలిచినందుకు ధన్యవాదాలు” అని రాసి కొట్టేశాను. ఎత్తుకుని పెంచిన మేనమామకు ఆ మాట బ్యాంకు ఉత్తరంలా ఉంది.

ఒక పద్యపాదం నిన్నటి నుంచి నాలుక మీద ఆడుతోంది: “...నీకుఁ బ్రత్యుపకృతిం గావింపనే నేర...” ముందూ వెనకా రావడం లేదు. రుక్మిణీ కల్యాణంలోదే అనుకుంటాను. పూర్తి పద్యం ఎవరైనా ఇస్తారా? ఉత్తరంలో ఇది వాడితే సబబుగా ఉంటుందా?

వనస్థలిపురం:
అక్కడిదేనండీ. పోతన భాగవతం, దశమ స్కంధం పూర్వభాగం చివర. రుక్మిణి దూతగా వెళ్ళిన బ్రాహ్మణుడు అగ్నిద్యోతనుడు తిరిగొచ్చి కృష్ణుడు వచ్చాడని చెప్పాక రుక్మిణి అనే మత్తేభం.

జలజాతేక్షణుఁ దోడితెచ్చితివి నా సందేశముం జెప్పి, నన్
నిలువం బెట్టితి, నీ కృపన్ బ్రతికితిన్, నీ యంత పుణ్యాత్మకుల్
గలరే? దీనికి నీకుఁ బ్రత్యుపకృతిం గావింప నే నేర; నం
జలిఁ గావించెద, భూసురాన్వయమణీ! సద్బంధు చింతామణీ!

ఒక్క సవరణ. మీరు “గావింపనే” అని కలిపి రాశారు. అది “గావింప, నే నేర”. “నే” అంటే నేను. ప్రత్యుపకారం చేయడం నా వల్ల కాదు అంటోంది.

అల్వాల్:
వనస్థలిపురం వారితో ఇక్కడ ఏకీభవించలేను. నల్లకుంట వారు కలిపి రాసిందే నా చెవికి సరి. కావింపన్ + ఏ. ఆ “ఏ” అవధారణం, అంటే నొక్కి చెప్పడం. “చేయనే నేరను” అన్నమాట. చేయడమన్నదే నాకు చేతకాదు, ఏం చేసినా సరిపోదు అనే నిస్సహాయత అందులో ఉంది. “నేను చేయలేను” అంటే వట్టి సమాచారం. “చేయనే లేను” అంటే కంఠం పూడుకుపోతుంది. పోతన ఏది రాస్తాడు?

వనస్థలిపురం:
పోతన ఏది రాస్తాడో పద్యమే చెబుతోంది. సర్వనామాలు వరసగా చూడండి: నా సందేశము, నన్ నిలువం బెట్టితి, నీ కృపన్, నీ యంత, నీకు... తర్వాత నే. నా, నన్, నీ, నీ, నీకు, నే. తాను ఒక వైపు, ఆయన ఒక వైపు, తూచినట్టు నడిచింది. “నీకు” అన్న వెంటనే “నే” రాకపోతే ఆ వరస తెగిపోతుంది.

మల్కాజిగిరి:
ఇద్దరూ మూడో దారి వదిలేశారు. కావింపన్ + ఏ అని విడదీసినా ఆ “ఏ” అవధారణమే కానక్కర్లేదు. “ఏను” అనే పాత సర్వనామానికి “ఏ” రూపం ఉంది కదా. అంటే అల్వాల్ వారి సంధి, వనస్థలిపురం వారి అర్థం. గణాలు దీన్ని తేల్చవు, ఎలా విడగొట్టినా రెండు గురువులే. యతి “గా” మీద పడింది, “నే” దాకా రాదు. తర్వాతి అక్షరం పరుషమై (క చ ట త ప లలో ఒకటై) ఉంటే ద్రుతం, అంటే “కావింపన్” చివరి నకారం, ఏదో ఒక గుర్తు వదిలేది, మన ఖర్మకొద్దీ అక్కడ నకారం ఉంది.

మూలం కూడా చూద్దాం. వ్యాసుడు ఈ ఘట్టాన్ని ఒక్క శ్లోకంలో ముగించాడు:

తమాగతం సమాజ్ఞాయ వైదర్భీ హృష్టమానసా
న పశ్యంతీ బ్రాహ్మణాయ ప్రియమన్యన్ననామ సా

ఇవ్వదగిన ప్రియమైనది మరొకటి కనబడక ఆమె నమస్కరించింది. అంతే. రుక్మిణి నోట ఒక్క మాట లేదు. “ననామ” అనే ఒక్క క్రియ. దాన్ని తీసుకుని పోతన ఆ పిల్లకు నోరిచ్చాడు, నాలుగు పాదాలు మాట్లాడించాడు. ఈ పద్యం ఎప్పుడు చదివినా నాకు ఆ తేడాయే కళ్ళకు కడుతుంది. “ఘనుఁడా భూసురుఁ డేఁగెనో? నడుమ మార్గశ్రాంతుఁడై చిక్కెనో?” అని అంతకుముందు పడ్డ హడలంతా దిగిపోయినప్పుడు మనిషి ఎలా మాట్లాడుతుందో అలాగే ఉంది. చిన్న చిన్న వాక్యాలు. తెచ్చావు. నిలబెట్టావు. బతికాను. నీలాంటివాళ్ళు ఉన్నారా?

అల్వాల్:
మూలం నా వైపే ఉంది చూడండి. “ప్రియమన్యత్ న పశ్యంతీ”, మరొకటి ఏదీ కనబడక. ఆ “ఏదీ”లోని బలమే తెలుగులో “ఏ”గా దిగింది.

ఉప్పల్:
“నే” సంగతి మీరు తేల్చండ్రి గని, నా మనసు “నిలువం బెట్టితి” కాడనే ఆగింది. మాది పాలకుర్తి దిక్కు, బమ్మెర మాకు దగ్గర. మా ఊర్ల ఇప్పటికీ అంటరు, “నన్ను నిలవెట్టినవ్ బిడ్డా” అని. ఆపతిల పైసలు సర్దినోళ్ళకు, రాత్రిపూట దవాఖానకు తోల్కపోయినోళ్ళకు అదే మాట. లేకుంటే “బతికిచ్చినవ్” అంటరు. రెండూ ఈ పద్యంల పక్కపక్కనే ఉన్నయి. మా అవ్వ ఒక్కనాడు “ధన్యవాదాలు” అనంగ నేను ఇనలే. నీళ్ళిస్తే “నీ కడుపు సల్లగుండ” అనేది. ఎవరన్న ఏం జేసిన్రో అది పేరువెట్టి చెప్పేది, ఆమె దండం అదే. నల్లకుంట అన్నకు నేను చెప్పేదొకటే, మీ మామ ఏం జేసిండో అది రాయిండ్రి.

మియాపూర్:
పోతన మీ బమ్మెర వాడని తేల్చేశారా? ఒంటిమిట్ట వాళ్ళు ఇక్కడా ఉన్నారండీ.

మల్కాజిగిరి:
పోతన ఊరైన ఏకశిలానగరం ఏదన్న తగవు ఇప్పుడు తెరవొద్దు. నల్లకుంట వారు ఉత్తరం రాసుకోవాలి.

కూకట్‌పల్లి:
నాకు వేరే భయం ఉంది, చెప్పకుండా ఉండలేను. షష్టిపూర్తికి పంపే ఉత్తరంలో “అంజలి” వద్దు. మన నగరంలో ఏ చౌరస్తాలో చూసినా ఫ్లెక్సీల మీద ఆ మాట ఎవరి ఫొటో కింద ఉంటుందో తెలుసు కదా. శ్రద్ధాంజలి, అశ్రునివాళి. అరవై ఏళ్ళు నిండిన మనిషి ఉత్తరం విప్పగానే “అంజలి” కనబడితే ఇంట్లో ఆడవాళ్ళు ఏమనుకుంటారు? కావాలంటే “నెనరులు” అని రాయండి, అచ్చ తెలుగు.

సైదాబాద్:
కూకట్‌పల్లి వారి భయం అర్థమైంది, కానీ ఈ మాటను ఫ్లెక్సీలకు వదిలేయడం నాకు సమ్మతం కాదు. నివాళి అలాగే పోయింది. నిఘంటువు తీస్తే నివాళి అంటే హారతి. పెళ్ళికూతురికి ఎత్తాల్సినది, ఇప్పుడు పోయినవాళ్ళకే మిగిలింది. అంజలి కూడా ఆ దారినే పోతుంటే చూస్తూ ఊరుకుందామా?

మన శుభలేఖల మీదే అంజలి ఉంది. “జానక్యాః కమలామలాంజలిపుటే యాః పద్మరాగాయితాః”. సీతమ్మ దోసిట్లో ఉన్నప్పుడు కెంపుల్లా, రాముడి తల మీద మల్లెల్లా, ఆయన ఒంటి మీదుగా జారుతూ ఇంద్రనీలాల్లా కనబడ్డ తలంబ్రాల ముత్యాలు మీకు శుభమివ్వాలని. పెళ్ళిపత్రిక మొదటి పంక్తిలో ఉన్న మాట అశుభం ఎలా అవుతుంది?

ఇక్కడ ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఛత్తా బజార్‌లో మా అన్నయ్య కూతురి పత్రిక అచ్చుకిచ్చినప్పుడు ప్రూఫు చూశాను. “కమలాంజలిపుటే” అని ఉంది. “మలా” ఎగిరిపోయింది. శార్దూలానికి పందొమ్మిది అక్షరాలు కావాలి, రెండు తగ్గితే పాదం కుంటుతుంది. అర్థమూ తగ్గుతుంది. కమలంలా అమలమైన దోసిలి అది. ఎర్రతామర లాంటి అరచేతులు కనకనే ముత్యాలు కెంపులయ్యాయి. దుకాణంలో ఆయన ఒకవైపు ఉర్దూ రుక్కాలు, ఒకవైపు మన శుభలేఖలు సర్దుకుంటూ, నేను చెప్పింది ఓపిగ్గా విని దిద్దాడు. అప్పటి నుంచి ఎవరి పత్రిక వచ్చినా ముందు ఆ రెండక్షరాలే వెతుకుతాను. పోయిన శ్రావణంలో వచ్చిన పత్రికల్లో సగానికి అవి లేవు.

వనస్థలిపురం:
“కమలామల” విషయంలో సైదాబాద్ వారికి వంద మార్కులు. మరి అంజలి అంటే దోసిలి అన్నారు. రుక్మిణి చేసింది నమస్కారమా, దోసిలి పట్టడమా?

సైదాబాద్:
నా ఊహ చెబుతాను. సీత దోసిట్లో ముత్యాలున్నాయి. రుక్మిణి దోసిట్లో ఏమీ లేదు. పెళ్ళి రేపు అనగా, అన్న కాపలాలో ఉన్న పిల్ల, దూతకు రహస్యంగా ఏమివ్వగలదు? ఇవ్వడానికి ఏమీ లేని రెండు చేతులు దగ్గరికి చేరితే అదే అంజలి. “ప్రత్యుపకృతిం గావింప నే నేర” అన్నాక “అంజలిఁ గావించెద” రావడంలో సొగసు అది. రెండు చోట్లా “కావించు” క్రియే వాడాడు గమనించారా? ఆ కావింపు చేతకాదు, ఈ కావింపు చేస్తాను.

అల్వాల్:
అద్భుతం. మీరు తెలిసి అన్నారో లేదో, ఇది నా వాదానికి బలం. “గావింపనే నేర... గావించెద”. చేయనే చేతకాదు, ఇది చేస్తాను. పోటీ రెండు క్రియల మధ్య. కాబట్టి “ఏ” క్రియ మీద వాలాలి.

తార్నాక:
చిన్న సంగతి. మా తాతగారు ఈ పద్యం చదివేటప్పుడు మూడో పాదం చివర ఆగేవారు కాదు. “నేర” దగ్గర ఊపిరి తీసుకుని “నంజలిఁ గావించెద” అని ఒక్క దమ్ములో దాటించేవారు. ఇప్పటి వాళ్ళు పాదం విరిగిన చోట “నం” అని సాగదీసి, మళ్ళీ “జలిఁ” అని ఎత్తుకుంటున్నారు. వినలేకపోతున్నాను. “నే” ఏదైనా కావచ్చు, ఆ “నం”ను మాత్రం ఒంటరిగా వదలకండి.

ఇంకొకటి. పిలుపుకు వెళ్ళగలిగితే ఏం రాయాలో కూడా ఈ కథలోనే ఉంది. “వచ్చెద విదర్భభూమికిఁ జొచ్చెద భీష్మకుని పురము...” పిలుపందుకున్న కృష్ణుడి జవాబు ఒక్క కందం. వస్తాను, ఊళ్ళోకి అడుగుపెడతాను, పిల్లను తెస్తాను, అడ్డమొచ్చినవాణ్ణి చీలుస్తాను. రుక్మిణి అన్ని సీసాలూ మత్తేభాలూ పెట్టి పిలిస్తే, ఆయన నాలుగు “చ్చెద”లతో తేల్చాడు. వచ్చేవాడికి అంత చాలు. రాలేనివాడికే మాటలు కావాలి.

నల్లకుంట:
అందరూ ఇంత శ్రద్ధ పెట్టారు, నాకు చాలా ధైర్యం వచ్చింది. ఉప్పల్ తమ్ముడి మాట పట్టుకుని ఇలా రాశాను, చూడండి:

“పూజ్యులైన మామయ్యకు, మీ చేతిరాత చూడగానే ప్రాణం లేచొచ్చింది. పత్రిక ఒక్కటి పంపినా వచ్చేవాడినే. మీరు కూర్చుని ఒక పేజీ రాసి, చివర ‘నువ్వు లేనిది పీటల మీద కూర్చోబుద్ధి కాదురా’ అన్నారు. ఆ మాటతో నన్ను నిలబెట్టారు. కాలు సహకరించక రాలేకపోతున్నాను. అమ్మ పోయిన ఏడాది మీరు నన్ను హనుమకొండ తీసుకువెళ్ళి బడిలో చేర్పించారు. దానికి ప్రత్యుపకారం చేయనేరను, అంజలి ఘటిస్తున్నాను. అత్తయ్యకు నా నమస్కారాలు. కాలు నిలదొక్కుకోగానే వచ్చి మీ ఇద్దరి పాదాలకూ నమస్కరిస్తాను.”

కూకట్‌పల్లి:
ఇలా రాస్తే అంజలికి నాకూ అభ్యంతరం లేదు. నెనరులు వెనక్కి తీసుకుంటున్నాను.

వనస్థలిపురం:
ఉత్తరం చాలా బాగుంది. ఒక్కటే లోటు. “నే”ను మొత్తంగా ఎత్తేశారు. “నేను చేయనేరను” అని చేర్చండి. అంత చేసిన మనిషి ముందు “నేను” అని నిలబడాలి.

అల్వాల్:
“నేను” చేర్చవద్దు, “చేయనే నేరను” అనండి. నేర, ఎరుగ లాంటి మాటలకు పోతన పక్కన సర్వనామం పెట్టి తీరాలన్న నియమం లేదు. గజేంద్రుణ్ణి చూడండి: “నీవే తప్ప నితఃపరం బెరుఁగ”. అక్కడ “నేను” ఎక్కడుంది? “నీవే” అనే చోట మాత్రం అవధారణం ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పోతన పాత్రలు “నేను” మరిచిపోతాయి, “ఏ” మరిచిపోవు.

వనస్థలిపురం:
గజేంద్రుడిది వేరు. “లావొక్కింతయు లేదు” అని మొదలుపెట్టాడు, తనంటూ ఏమీ మిగల్లేదు, కాబట్టి “నేను” లేదు. రుక్మిణి బతికింది. “బ్రతికితిన్” అని తనే చెప్పింది. బతికిన మనిషి “నే” అనకుండా ఉంటుందా? రుక్మిణీ కల్యాణమంతా మళ్ళీ తీసి, రుక్మిణి తన గురించి చెప్పుకునే ప్రతి చోటా సర్వనామం పెట్టిందా లేదా రాసుకుని వస్తాను. అల్వాల్ వారు గజేంద్రమోక్షం తీసుకోండి.

అల్వాల్:
తీసుకుంటాను. ప్రహ్లాద చరిత్ర కూడా చేరుద్దామా?