స్వయంగా కట్టుకునే తొలి విమానానికి ఏ కిట్ తీసుకోవాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీది అత్యవసర రన్‌వే మీదుగా వాయుసేన విమానాలు బాగా కిందికి దిగి ఎగిరిన రోజున మేం మేదరమెట్లలో బంధువుల ఇంట ఉన్నందువల్ల, వాడు ఆ దృశ్యాన్ని కళ్లారా చూశాడు. అప్పటి నుంచి వాడి నోట్‌పుస్తకాల వెనక పేజీల నిండా విమానాల బొమ్మలే. ఈ వేసవి సెలవుల్లో మేమిద్దరం కూర్చుని ఒక విమానాన్ని కట్టి ఎగరేయాలనుకుంటున్నాం. రంగు వేసి అలమరలో పెట్టుకునే ప్లాస్టిక్ కిట్లు, రబ్బరు మెలికతో ఎగిరే బాల్సా (చాలా తేలికైన కలప) కిట్లు, మీటరున్నర రెక్కలుండే రిమోట్ కిట్లు కనిపిస్తున్నాయి. వాడి మనసు మూడోదాని మీద ఉంది. నాకు వడ్రంగం పని బొత్తిగా రాదు. వాడి ఉత్సాహం చల్లారకుండా, కట్టినది నిజంగా ఎగిరేలా ఉండాలంటే దేనితో మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (ఒంగోలు నుంచి)

మీరు రబ్బరు మెలిక కిట్‌తో మొదలుపెట్టండి. రిమోట్ కిట్ మంచిది కాదని కాదు. విమానం కట్టడం ఒక విద్య, నడపడం మరొక విద్య, ఆ కిట్ రెండింటినీ ఒకేసారి అడుగుతుంది. నేను అలాగే పెద్ద కిట్‌తో మొదలుపెట్టి, మూడు నెలలు ప్రతి ఆదివారం కూర్చుని కట్టి, మొదటి రోజే మొదటి మలుపులో నేలకు కొట్టాను. విరిగిన రెక్కను మళ్లీ ముట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. పదమూడేళ్ల పిల్లవాడికి ఆ అనుభవం కలగకూడదని నా కోరిక.

రబ్బరు విమానాన్ని చిన్నపిల్లల ఆటవస్తువని తీసిపారేయవద్దు. ఫ్రాన్సు దేశస్థుడు అల్ఫాన్స్ పెనో 1871లో పారిస్ తోటలో పదిమంది ఎదుట ఎగరేసిన నమూనా మెలితిప్పిన రబ్బరుతో నడిచినదే. 45 సెంటీమీటర్ల రెక్క, 16 గ్రాముల బరువు ఉన్న ఆ విమానం ఎవరూ నడపకుండానే 11 సెకన్లలో 40 మీటర్లు పోయింది. రెక్క కొసలు కొద్దిగా పైకి లేచి ఉండటం, వెనక తోక ఉండటం వల్ల అది గాలిలో ఒరిగినా తనంతట తానే సర్దుకుంది. మీరు కిట్ ఎంచుకునేటప్పుడు చూడవలసినవి కూడా ఇవే: రెక్క బాడీకి పైన ఉండాలి, కొసలు పైకి లేవాలి, తోక పెద్దదిగా ఉండాలి, బాడీ సాదా పెట్టెలా ఉండాలి. పెట్టె మీద యుద్ధవిమానం బొమ్మ ఉన్న కిట్ పిల్లలను ఎక్కువగా ఆకర్షిస్తుంది. కానీ వాటిలో చాలావాటికి రెక్క కింద ఉంటుంది, తోక చిన్నది, కాబట్టి తొలి విమానంగా కుదిరి ఎగరడం కష్టం. ముక్కలు లేజరుతో కోసినవై, అసలు కొలతలోనే ముద్రించిన ప్లాన్ కాగితం లోపల ఉంటే, వడ్రంగం రాకపోయినా ఇబ్బంది ఉండదు. ఆ కాగితాన్ని మెత్తటి బోర్డు మీద పరచి, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి, పుల్లలను గుండుసూదుల మధ్య నిలిపి అతికించడమే పని.

ప్లాస్టిక్ కిట్ ఎగరదు కనుక మీ కోరికకు సరిపోదు. అయినా 1/72 కొలతలో, అంటే అసలు విమానంలో 72వ వంతుగా చేసిన మిగ్-21 రెక్కల నిడివి 10 సెంటీమీటర్లే కనుక, వానాకాలంలో బల్ల మీద చేసుకోవడానికి అదొక మంచి పని.

జవాబు (నెల్లూరు నుంచి)

పై మిత్రులతో నేను చాలావరకు ఏకీభవిస్తాను గానీ, అంతకంటే ముందు ఒక మెట్టు ఉందని నా అభిప్రాయం. పలక బాల్సాతో చేసే చిన్న గ్లైడరును (రబ్బరు, మోటారు ఏవీ లేని విమానాన్ని) చేత్తో విసరండి. అది ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది, విరిగితే బాధ ఉండదు, విమానం ఎందుకు ఎగురుతుందో అదే నేర్పుతుంది. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి దాదాపు మూడోవంతు దగ్గర రెండు వేళ్ల మీద నిలిపితే గ్లైడరు సమంగా నిలవాలి. విసిరినప్పుడు ముక్కు ఎత్తి, ఆగి, పడిపోతుంటే ముక్కుకు చిటికెడు మైనం అద్దాలి. నేరుగా నేలకు దిగిపోతుంటే కొంచెం తీసేయాలి. మా అమ్మాయి ఈ సర్దుబాటును రెండు రోజుల్లో పట్టుకుంది, ఆ తరువాత కట్టిన రబ్బరు విమానాన్ని నా సాయం లేకుండానే సరిచేసుకుంది.

జవాబు (కందుకూరు నుంచి)

జిగురు విషయం ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. తక్షణమే పట్టే సయనో జిగురు పిల్లవాడికి ఇవ్వవద్దు. వేళ్లు అతుక్కుంటాయి, దాని ఆవిరి కళ్లను మండిస్తుంది. ఫెవికాల్ పుల్ల కొసతో పల్చగా రాసి రాత్రంతా ఆరనిస్తే చాలు. లేజరు కాల్చిన నల్లటి అంచును ఉప్పు కాగితంతో ఒక్కసారి రుద్దిన తరువాతే అతికించండి. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ కనుక, రెక్కకు టిష్యూ కాగితం కప్పి నీరు చల్లాక అది ఆరేలోపు రెక్క మెలితిరుగుతుంది. బోర్డు మీద గుండుసూదులతో బిగించి ఉంచి ఆరబెట్టడం మరవవద్దు.

ప్రశ్న అడిగినవారు (కావలి)

మీ అందరికీ కృతజ్ఞతలు. ముందు గ్లైడరు, తరువాత 45 సెంటీమీటర్ల రబ్బరు కిట్ అని మావాడితో చెబితే, పెనో కథ విన్నాక ఒప్పుకున్నాడు. ఎక్కడ, ఏ వేళ ఎగరేయాలి? రబ్బరును ఎంత తిప్పాలి?

జవాబు (ఒంగోలు నుంచి)

మనవైపు మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది, ఇంత తేలిక విమానం దానికి ఆగదు. అందుచేత తెల్లవారి ఆరు, ఏడు గంటల మధ్య వెళ్లండి. వరి కోసిన మడి అన్నిటికంటే మేలు, కొయ్యకాళ్ల మీద పడినా రెక్క విరగదు. కరెంటు తీగలు దూరంగా ఉండేలా చూసుకోండి. రబ్బరుకు కొద్దిగా ఆముదం పట్టిస్తే పోగులు ఒకదానితో ఒకటి ఒరుసుకోవు. తొలిసారి ప్రొపెల్లరును యాభై మెలికలే తిప్పి, గాలికి ఎదురుగా, తలకంటే ఎత్తు నుంచి కాకుండా భుజం ఎత్తు నుంచి నెమ్మదిగా వదలండి. తిన్నగా పోతే పది పది చొప్పున పెంచండి. తరువాతి ఏడాది రిమోట్ విమానానికి వస్తే, 2021 నాటి డ్రోన్ నియమాలను చదివి, మీరు ఎగరేసే చోటు అధికారిక గగనతల పటంలో ఏ రంగు మండలంలో ఉందో చూసుకున్నాకే కొనండి.