టమాటా లోడుకు డీజిల్ పికప్ కొనాలా, చిన్న పెట్రోల్ బండి సరిపోతుందా?

ప్రశ్న:
అన్నలందరికీ నమస్తే. మాది వాయల్పాడు దగ్గర పల్లె. నాలుగెకరాల టమాటా పెట్టాను, మదనపల్లె మండీకి పోను రాను 60 కిలోమీటర్లు. ఇన్నాళ్లూ బాడుగ బండ్లతోనే నెట్టుకొచ్చాను, కానీ కాయ ధర పడిపోయిన రోజు బాడుగ డబ్బులు కూడా రావడం లేదు. ఈసారి సొంత బండి కొందామని ఉంది. చిన్న పెట్రోల్ బండి లీటరుకు 14 ఇస్తుందంటున్నారు, ఒకటిన్నర టన్ను డీజిల్ పికప్ లోడు మీద 12 ఇస్తుందంటున్నారు. డీజిల్ బండికి ధర ఎక్కువ, పైగా బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లకు ఏదో ఫిల్టర్ గొడవ ఉందని భయపెడుతున్నారు. మండీకి పోని రోజుల్లో ఊళ్లో చిన్న బాడుగలు, అప్పుడప్పుడు తిరుపతి. ఏది తీసుకోమంటారు?

జవాబు 1:
తమ్ముడూ, కిలోమీటరు లెక్క కాదు, క్రేటు లెక్క వెయ్యి. డీజిల్ 96, పెట్రోల్ 108 అనుకుందాం (మీ బంకు రేటు పెట్టి మళ్ళీ చూసుకో). మండీకి ఒకసారి పోయి రావడానికి డీజిల్ బండికి 480 రూపాయలు, పెట్రోల్ బండికి 463. దాదాపు ఒకటే. కానీ చిన్న బండి ఎంత మోస్తుంది? మారుతి సూపర్ క్యారీ పెట్రోల్ 740 కిలోలు, అదే సీఎన్‌జీ అయితే 625. కాయతో కలిపి క్రేటు 27 కిలోలు అనుకుంటే 740కి 27 క్రేట్లు, ఒకటిన్నర టన్ను బండికి 55. అంటే ఇంధనం ఖర్చే క్రేటుకు చిన్న బండిలో 17 రూపాయలు, డీజిల్ బండిలో 9 లోపు. ఇంతకీ నీకు ఒక కోతకు ఎన్ని క్రేట్లు వస్తాయో రాయలేదు, అది చెబితే గానీ ఏ బండి అన్నది తేలదు.

ప్రశ్న అడిగినవారు:
కోత ముమ్మరంగా ఉన్నప్పుడు 100, 110 క్రేట్లు అన్నా. చివరి కోతల్లో 30 రావడమే కష్టం.

జవాబు 1:
అయితే ముమ్మరంలో డీజిల్‌కు రెండు ట్రిప్పులు, చిన్న బండికి నాలుగు. పొద్దున వేలం టైముకు నాలుగు ట్రిప్పులు ఎట్లా తిప్పుతావు? అట్లాగని చిన్న బండిలోనే 50 క్రేట్లు ఎక్కించొద్దు, చాలామంది చేసే తప్పు అదే. క్లచ్, పట్టీలు, టైర్లు పోవడం ఒక ఎత్తు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194లో ఓవర్‌లోడుకు రాసిన జరిమానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. లోడుతో తిరుపతి పోతే భాకరాపేట ఘాట్ ఉండనే ఉంది. అక్కడ పనికొచ్చేది ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే వచ్చే టార్క్, అంటే లాగే బలం. డీజిల్‌లోనూ అన్నీ ఒకటి కావు, టాటా ఇంట్రా వి30, వి50 రెండూ 1496 సీసీలే అయినా వి30 టార్క్ 140 ఎన్ఎం, వి50 టార్క్ 220. బండి చూసేటప్పుడు ఈ అంకె తప్పకుండా అడుగు.

జవాబు 2:
ఫిల్టర్ సంగతి నేను చెబుతాను, మూడేళ్లుగా బీఎస్6 డీజిల్ నడుపుతున్నాను. పొగలోని మసిని సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్ అనే ఫిల్టర్ పట్టుకుంటుంది. అది నిండాక బండే దాన్ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కొంతసేపు పరుగెత్తాలి. ఊళ్లో రెండు కిలోమీటర్లు పోయి ఆపడం, మళ్ళీ స్టార్ట్ చేయడం, రోజంతా ఇదే పనైతే మసి కాలదు, మీటరు దగ్గర ఫిల్టర్ లైటు వెలుగుతుంది. నాకు మొదటి ఏడాది ఇదే అయింది. లైటు చూసి కూడా పట్టించుకోకుండా తిప్పాను, బండి లాగడం తగ్గిపోయి షెడ్డుకు తీసుకెళ్లాల్సి వచ్చింది, సీజన్ మధ్యలో మూడు రోజులు పోయాయి. ఇప్పుడు లైటు వస్తే హైవే ఎక్కి 50, 60 స్పీడులో ఓ ఇరవై నిమిషాలు నడుపుతాను, మధ్యలో ఇంజిన్ ఆపను. మీకు మండీ దారే 30 కిలోమీటర్లు కాబట్టి సీజన్‌లో టెన్షన్ లేదు. సీజన్ అయ్యాక ఊరి బాడుగలే మిగిలితే మాత్రం వారానికి ఒకటి రెండు సార్లయినా రోడ్డు మీద పరుగెత్తించండి. ఇంజిన్ ఆయిల్ బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి, మామూలు ఆయిల్ బూడిదతో ఫిల్టర్ పూడిపోతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగినట్టు కనిపిస్తే సంతోషపడొద్దు, కాలని డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం, వెంటనే చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా, సగం భయం పోయింది. సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ బండి చూశాను. లోడు మీద కూడా 16 ఇస్తుందని ఓనరు గట్టిగా అంటున్నారు.

జవాబు 1:
ఒకటిన్నర టన్ను వేసి 16 అంటే నాకు నమ్మకం లేదు. మీటరులో చూపించే మైలేజీ అంకె కూడా నమ్మొద్దు. ట్యాంకు ఫుల్ చేయించు, లోడుతో మండీకి పోయి ఖాళీగా తిరిగిరా, అదే బంకులో అదే పంపు దగ్గర మళ్ళీ ఫుల్ చేయించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడు. ఒక ట్రిప్పుకు పట్టేది ఐదు లీటర్లే కాబట్టి తేడా తెలియాలంటే మూడు నాలుగు ట్రిప్పులు తిప్పాలి. ఓనరు ఒప్పుకోకపోతే డీజిల్ నీదే పోయిస్తానని చెప్పు. పోయే ముందు నాలుగు టైర్లలో గాలి చూసుకో.