పాత రౌమాలో చెక్క ఇంటి మరమ్మతు: బయటి పలకలు తీసేయవచ్చా?

ప్రశ్న:
ఫిన్లాండ్ పశ్చిమ తీరాన ఉన్న పాత రౌమాలో ఒక చెక్క ఇంటిని కొనే ఆలోచనలో ఉన్నాము. దుంగలు పేర్చి కట్టిన గోడలకు బయటివైపు 19వ శతాబ్దం చివర్లో అలంకార పలకలు బిగించారు. వీధి మూలన ఒక పలక ఊడిన చోట వేలితో నొక్కితే అడుగు దుంగ పొడిపొడిగా రాలింది. పలకలపై రంగు పొక్కులు లేచి ఉంది, గిల్లితే లోపల తడి. ఎలాగూ మరమ్మతు తప్పదు కనుక పలకలన్నీ తీసేసి, దుంగలు కనిపించేలా ఇంటిని అసలు రూపానికి తెద్దామని మా వారు అంటున్నారు. ఇది సబబేనా?

మొదటి సమాధానం:
ఆ అసలు రూపం ఏ కాలానిదో ముందు తేల్చుకోండి. 1640, 1682 అగ్నిప్రమాదాల తర్వాత ఊరిని మళ్లీ కట్టుకున్నారు. 1890లలో ఫిన్లాండ్‌లోకెల్లా ఎక్కువ తెరచాప ఓడలు రౌమావే కావడంతో, ఆ రాబడి వల్లనే ఇళ్ల ముఖాలకు ఈ నగిషీ పలకలు, కిటికీ చట్రాలు వచ్చాయి. ఓడ యజమాని ఇల్లయిన మారేలా మ్యూజియాన్ని చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన దాదాపు 600 కట్టడాల ఊరు ఈ పలకలతో కూడినదే. వాటిని పీకేస్తే పోయేది ఓడల కాలమే. పైగా దుంగలకు వాన నుంచి రక్షణ కూడా పోతుంది.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. నా అనుమానమంతా ఆ రంగు మీదనే. ఎవరో ప్లాస్టిక్ తరహా రంగు వేసి ఉంటారు. అది చెక్కలోని తేమను బయటకు పోనివ్వదు. అవిసె నూనె రంగు అలా కాదు, పైపైన అరుగుతుంది గాని పొరలుగా లేవదు, కాబట్టి మళ్లీ పూయడం సులువు. అడుగు దుంగకు కారణం బహుశా వేరు: తరాల తరబడి వీధి మట్టం పెరిగి, రాతి పునాది పొట్టిదై, చినుకులు నేరుగా దుంగకు తగులుతుంటాయి. జాకీలతో ఆ గోడను కొద్దిగా ఎత్తి, పుచ్చిన మేరకే కోసి, బాగా ఆరిన, ఒత్తుగా పెరిగిన పైన్ దుంగను అతికిస్తారు. మన తీరంలో పడవ పలకల సందుల్లో నూలు కూరినట్టే ఇక్కడ దుంగల మధ్య నాచు, నార కూరుతారు. పునాదిలోని గాలి రంధ్రాలను మాత్రం ఎవరు చెప్పినా మూయకండి.

మూడవ సమాధానం:
ముఖభాగంలో ఏ మార్పుకైనా పురపాలక సంఘం అనుమతి కావాలి. ఊళ్లోనే తమ్మెలా అనే పునరుద్ధరణ కేంద్రం ఉంది, సలహా అక్కడే అడగండి. బేరం కుదరకముందే పాత ఇళ్ల పని తెలిసిన వడ్రంగిని తీసుకువెళ్లి, నాలుగు మూలలా అడుగు దుంగలను ఆరెతో గుచ్చి చూపించుకోండి.