రిమోట్ డెస్క్‌టాప్ తెగిపోతే తప్పు ఇంటర్నెట్ లైనుదేనా?

పలాస సభ్యుడు: నేను పలాసలో నలుగురు జీడిపప్పు వ్యాపారులకు లెక్కలు రాస్తుంటాను. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్న విండోస్ సర్వరు విశాఖపట్నం కార్యాలయంలో ఉండటంతో రోజంతా రిమోట్ డెస్క్‌టాప్ (దూరంలోని కంప్యూటరును మన తెర మీద నడిపే పద్ధతి) మీదే పని. నెల రోజులుగా సర్వరుతో కలిసిన సెషన్ ఉన్నట్టుండి తెగిపోతోంది. లైను మార్చుకోవాలని నేను, సర్వరులోనే ఏదో ఉందని కార్యాలయం వారు అనుకుంటున్నాము. మీరేమంటారు?

బొబ్బిలి సభ్యుడు: లైనేనండి. సర్వరు అందుతోందో లేదో ఆగకుండా పరీక్షించే ‘పింగ్ -టి’ ఆదేశం పెట్టి వదిలేయండి. సెషన్ తెగిన నిమిషానికే పింగ్ కూడా ఆగితే ఇక వాదన అక్కరలేదు.

శ్రీకాకుళం సభ్యుడు: బొబ్బిలి మిత్రులతో నేను ఏకీభవించలేను. లైను కాసేపు పోతే రిమోట్ డెస్క్‌టాప్ తనంతట తానే మళ్లీ కలవడానికి ప్రయత్నిస్తుంది. అలా కాక సెషన్ నేరుగా ముగిసిపోతోందంటే, ముగించినదెవరో సర్వరునే అడగాలి. సర్వరులో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌లను చూపే ఈవెంట్ వ్యూయరులో టెర్మినల్ సర్వీసెస్ లోకల్ సెషన్ మేనేజర్ లాగ్ తెరిచి, 40వ నంబరు ఈవెంట్లలో కారణపు కోడ్ చూడండి. 3 ఉంటే పని లేకుండా వదిలేసిన సమయం పరిమితి దాటిందని, 5 ఉంటే మీ సెషన్‌ను మరొక కనెక్షన్ ఆక్రమించిందని అర్థం. లైను మార్చి డబ్బు పోసినా ఈ రెండూ తగ్గవు. 0 ఉంటే సర్వరు ప్రత్యేకంగా కారణం చెప్పలేదన్నమాట, లైనును అనుమానించవలసింది అప్పుడే. అప్పుడు కూడా ఒకరోజు గ్రూప్ పాలసీలో (విండోస్ అమరికలు మార్చే చోటు) క్లయింటు వైపు, అంటే మీ కంప్యూటరులో, యూడీపీ అనే డేటా పంపే పద్ధతిని ఆపి చూడండి. 2012లో విండోస్ 8తో వచ్చిన మార్పు నుంచి రిమోట్ డెస్క్‌టాప్ టీసీపీ అనే మరో పద్ధతితో పాటు యూడీపీని కూడా వాడుతోంది, దానిని సరిగా మోయలేని రూటర్లు, వీపీఎన్‌లు (ఇంటర్నెట్ మీదుగా కార్యాలయానికి కలిపే రక్షిత దారులు) ఉన్నాయి.

బొబ్బిలి సభ్యుడు: మీ మాట సబబే కానీ, సర్వరు లాగ్ చూసే అనుమతి అందరికీ ఉండదు కదండీ! పింగ్‌కు ఎవరి అనుమతీ అక్కరలేదు, అందుకే దానిని ముందు చెప్పాను.

పలాస సభ్యుడు: కార్యాలయం వారిచేత లాగ్ చూపించాను. వారం రోజుల్లో ఏడుసార్లు తెగితే ఐదుసార్లు 5వ కోడే ఉంది, అన్నీ సాయంత్రాలే. అక్కడ సాయంత్రం పనిచేసే అమ్మాయికి కూడా నా యూజర్ పేరే ఇచ్చారట! రేపటి నుంచి ఆమెకు వేరే పేరు ఇస్తామన్నారు. మిగిలిన రెండింటికీ 0 ఉంది కాబట్టి వైఫై మాని రూటరుకు కేబుల్ కలిపి, బొబ్బిలి వారు చెప్పిన పింగ్ ఈ రోజే పెడుతున్నాను.