ఆగిపోయిన పవర్ విండో: మోటారు మార్చే ముందు ఏమి చూసుకోవాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

మా కారు 2009 నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. దాని ముందు ఎడమ తలుపు అద్దం జానెడు కిందికి దిగిన చోట ఆగిపోయి, పైకీ రావడం లేదు, కిందికీ పోవడం లేదు. డ్రైవరు వైపు స్విచ్ నొక్కినా, ఆ తలుపుకే ఉన్న స్విచ్ నొక్కినా లోపల ఎక్కడో సన్నగా టక్కుమని వినిపిస్తుందే తప్ప అద్దం కదలడం లేదు. మిగతా మూడు అద్దాలూ బాగానే పనిచేస్తున్నాయి. ఇది ఒక్కసారిగా చెడిపోలేదు. కొన్ని నెలలుగా పైకి వెళ్లడం నెమ్మదించింది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో సగంలో ఆగిపోతే చేత్తో ఎత్తి సాయం చేయవలసి వచ్చేది.

దగ్గరలోని మెకానిక్ తలుపు విప్పకుండానే మోటారు, రెగ్యులేటరు (మోటారు బలంతో అద్దాన్ని పైకీ కిందికీ జరిపే అమరిక) కలిపి సెట్టు మొత్తం మార్చాలని చెప్పారు. అంత ఖర్చు పెట్టే ముందు లోపం నిజంగా మోటారులోనే ఉందని తేల్చుకునే పద్ధతి ఉంటే తెలియజేయగలరు. వానలు మొదలయ్యాయి కనుక, ముందుగా అద్దాన్ని పైకి చేర్చే ఉపాయం కూడా కావాలి.

జవాబు (విజయవాడ, ఆటో ఎలక్ట్రీషియన్)

ముందు వాన సంగతి చూద్దాం. ఒకరు స్విచ్‌ను పైకి నొక్కి పట్టుకోగా, మరొకరు అద్దానికి లోపలా బయటా అరచేతులు గట్టిగా ఆనించి పైకి నెడితే చాలాసార్లు అద్దం పైకి చేరుతుంది. వేళ్లు మాత్రం అద్దం పై అంచు దగ్గర ఉండకూడదు. పైకి చేరాక వెడల్పాటి టేపుతో తలుపు చట్రానికి అంటించి, పని పూర్తయ్యే వరకు ఆ స్విచ్‌ను ఎవరూ నొక్కకుండా చూడండి.

ఇక అసలు విషయానికి వస్తే, కరెంటు మోటారు దాకా చేరుతోందా లేదా అన్నది మొదట తేలాలి. రాత్రిపూట ఇంజను ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, కారు లోపలి లైటు వేసి స్విచ్ నొక్కండి. లైటు స్పష్టంగా మసకబారితే మోటారు కరెంటు తీసుకుంటోందని, కానీ తిరగలేక బిగుసుకుపోయిందని అర్థం. లైటులో ఏ మార్పూ లేకపోతే కరెంటు దారిలోనే ఎక్కడో ఆగిపోతోంది.

మీ మెకానిక్ చెప్పిన దానితో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఒకటుంది. ఆ కాలపు చాలా కార్లలో ఎడమ తలుపు మోటారుకు వెళ్లే రెండు వైర్లూ డ్రైవరు వైపు ఉన్న మాస్టర్ స్విచ్ గుండానే ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్ వైపుకు, చేరుతాయి. ఎడమ తలుపు స్విచ్ నొక్కినప్పుడు ఒక వైరుకు 12 వోల్టులు అందితే, రెండో వైరుకు ఎర్త్ దొరకవలసింది మాస్టర్ స్విచ్‌లోని కాంటాక్టు (నొక్కినప్పుడు కలిసే లోహపు బిందువు) ద్వారానే. ఆ కాంటాక్టు నల్లబడి ఉంటే ఏ స్విచ్ నొక్కినా అద్దం కదలదు. మోటారు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఈ సంగతి పట్టించుకోకుండా మంచి మోటార్లను తీసి పారేయడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

తలుపుకూ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలోని వైర్లను కూడా చూడాలి. ఏళ్ల తరబడి తలుపు తెరిచి మూయడం వల్ల పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి తీగ తెగిపోతుంది. స్విచ్ నొక్కి పట్టుకుని తలుపును నెమ్మదిగా అటూ ఇటూ కదిపినప్పుడు అద్దం ఒక్క క్షణం కదిలినా లోపం అక్కడేనని అనుకోవచ్చు.

డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు కప్పు) విప్పాక మోటారు కనెక్టరు తీసి పరీక్షించేటప్పుడు మల్టీమీటరును మాత్రమే నమ్మకండి. మీటరు తీసుకునే కరెంటు చాలా స్వల్పం కాబట్టి, పాడైన కాంటాక్టు గుండా కూడా అది 12 వోల్టులు చూపిస్తుంది. దానికి బదులు 21 వాట్ల ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు కట్టి కనెక్టరుకు తగిలించండి. స్విచ్ పైకి నొక్కినా కిందికి నొక్కినా బల్బు నిండుగా వెలిగితే స్విచ్‌లూ వైర్లూ బాగున్నట్లే. మసకగా వెలిగితే మోటారు జోలికి వెళ్లనవసరం లేదు. ఆ తర్వాత ఫ్యూజ్ ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి మోటారుకు నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. వైర్లు తారుమారు చేస్తే మోటారు ఎదురు దిశలో తిరగాలి.

జవాబు (హైదరాబాద్)

పై సలహాలన్నీ సరైనవే. అయితే నెలల తరబడి నెమ్మదించి, చేత్తో సాయం చేస్తే కదిలిందన్న మాటను బట్టి అద్దం జారే రబ్బరు బీడింగును కూడా అనుమానించాలి. అందులో దుమ్ము గట్టిపడినప్పుడు, రబ్బరు ఎండి బిగుసుకున్నప్పుడు మోటారుపై భారం పెరుగుతుంది, అది వేడెక్కుతుంది. చాలా మోటార్లలో వేడి హద్దు దాటితే దానంతట అదే ఆగిపోయే రక్షణ ఉంటుంది. కాసేపు చల్లారాక మళ్లీ తిరుగుతుంది. మీ అద్దం మధ్యాహ్నపు ఎండలో ఆగిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

సన్నని చెక్కపుల్లకు తడిగుడ్డ చుట్టి బీడింగు లోపలి గాడిని శుభ్రంగా తుడిచి, ఆరిన తర్వాత సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజను ఆయిలు, గ్రీజు రబ్బరును ఉబ్బేలా చేస్తాయి. చాలామంది వాడే కొబ్బరినూనె దుమ్మును పట్టి ముద్ద కడుతుంది. పెద్ద ఫ్యూజ్ వేస్తే అద్దం కదులుతుందని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. వైర్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కారు లోపలి లైటులో దాదాపు మార్పు లేదు. బల్బు రెండు వైపులా మసకగానే వెలిగింది. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే అద్దం కిందికి సాఫీగా దిగింది, పైకి మాత్రం కష్టపడుతూ వెళ్లింది. మాస్టర్ స్విచ్‌ను విప్పి చూస్తే ఎడమ తలుపు కాంటాక్టులు నల్లగా మాడి ఉన్నాయి. వాటిని కాంటాక్ట్ క్లీనరుతో శుభ్రం చేశాక రెండు స్విచ్‌లతోనూ అద్దం కదులుతోంది, కానీ పై భాగంలో ఇంకా తడబడుతోంది. బీడింగు శుభ్రం చేసినా ఆ తడబాటు పోకపోతే రెగ్యులేటరును విప్పవచ్చా?

జవాబు (విజయవాడ, ఆటో ఎలక్ట్రీషియన్)

బీడింగు పని పూర్తి చేసి, రెండు రోజులు వాడి చూశాకే ఆ నిర్ణయం తీసుకోండి. కాంటాక్టులు బాగా గుంటలు పడి ఉంటే శుభ్రం చేసినా ఎక్కువ కాలం నిలవవు. అప్పుడు మాస్టర్ స్విచ్ మార్చుకోవాలి. మా ఆటోనగర్‌లో పాత కార్ల స్విచ్‌లు దొరుకుతాయి, అయితే కనెక్టరు పిన్నుల వరస సరిపోల్చుకోకుండా కొనవద్దు.

రెగ్యులేటరును విప్పవలసి వస్తే ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసి, అద్దాన్ని పైకి నిలిపి టేపు వేయండి. కత్తెర ఆకారంలో చేతులున్న రకమైతే, ఆ చేతులను క్లాంపుతో బిగించకుండా మోటారును విడదీయకండి. స్ప్రింగు బలానికి అవి ఒక్కసారిగా విసురుగా తిరిగి వేళ్లను నలిపేస్తాయి. కేబుల్ రకమైతే తీగ పోగులు లేచాయేమో, ప్లాస్టిక్ కప్పీలు పగిలాయేమో చూడండి. అలా ఉంటే రెగ్యులేటరును మార్చడమే మంచిది.

డోర్ ప్యాడ్ వెనకున్న ప్లాస్టిక్ షీటును తిరిగి అంచులన్నీ అంటుకునేలా పెట్టడం మరిచిపోకండి. అద్దం వెంట తలుపులోకి దిగే వాన నీరు కారులోకి రాకుండా ఆపేది అదే. తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాల్లో మట్టి ఉంటే పుల్లతో తీసేయండి, నీరు అక్కడి నుంచి బయటికి పోవాలి.