ఎస్కేప్ క్యారెక్టర్‌ని మన తెలుగులో ఏటందాం?

పర్లాకిమిడి (అడిగింది నేనే):
అందరికీ నమస్కారం. ఒక్క మాట కోసం మూడ్రోజుల్నుంచి బుర్ర గోక్కుంటన్నాను. సాయంత్రాలు మా అరుగు మీద ఆరుగురు పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్తాను, వాళ్లకి బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు, పుస్తకమేమో ఇంగ్లీషు, అందుకని నేను తెలుగులోనే లాగిస్తాను. మొన్న సవర, అదే మా కొండల్లో సవరోళ్లు మాటాడే భాష, ఆ మాటల లిస్టు ఒకటి డేటాబేసులోకి ఎక్కిస్తన్నాం. సవరలో గొంతు దగ్గర టక్కున ఆగిపోయే శబ్దం ఉంటది కదా, దానికి మేం సింగిల్ కోట్ పెట్టుకున్నాం. నలభయ్యో మాట దగ్గర ప్రోగ్రాం తన్నేసింది. డేటాబేసుకి ఆర్డర్లిచ్చే భాష ఎస్‌క్యూఎల్‌లో మాట ఎక్కడ మొదలు ఎక్కడ ఆఖరు అని చెప్పేది కూడా ఆ కోటే, మాట నడుమ అది కనబడేసరికి అయిపోయిందనుకుని మిగిలిన అక్షరాల్ని ఆర్డర్లనుకుంది. కోట్ రెండుసార్లు '' ఇలా కొడితే ఒకటిగా తీసుకుంటది, దీన్నే ఎస్కేప్ చెయ్యడం అంటార్రా అన్నాను. ఒకడు లేచి "ఎవులు పారిపోతన్నారు మాస్టారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

బరంపురం:
'పలాయన చిహ్నం' అనొచ్చు కదండీ.

రాయగడ:
మీకో దండం. గిడుగు రామమూర్తి గారు బడి చెప్పిన ఊరు పర్లాకిమిడి, వాడుక భాష కోసం కొట్లాడి, సవరకి నిఘంటువు కూడా కట్టిన మనిషి ఆయన, ఆ ఊళ్లో కూచుని సవర మాటలు ఎక్కిస్తా పలాయన చిహ్నం అంటామా? మనవైపు వదిలెయ్ అనడానికి 'ఒగ్గీ' లేదేటి! సీ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో కోట్ ముందు బ్యాక్‌స్లాష్ అనే వాలుగీత పెట్టి \" అని రాస్తామా, అంటే "ఇది మాట ముగించే కోట్ కాదు, దీన్ని అలా ఒగ్గీ" అని చెప్పడమే. ఒగ్గుగీత. అయిపోయింది.

పర్లాకిమిడి:
ఒగ్గుగీత భలే ఉందన్నా. రేపే చెప్తాను.

గుణుపురం:
తొందరపడకు తమ్ముడూ. కోట్‌కి ఒగ్గు సరిపోద్ది. మరి అదే గీత తర్వాత ఎన్ అక్షరం వస్తే? ఎన్ పాపం మామూలు అక్షరం, దానికే అధికారమూ లేదు, గీత తగిలాకే కొత్త లైన్ అవుతది. టీ అయితే ట్యాబ్ అవుతది. అక్కడ ఒగ్గడం లేదు, తగిలించడం ఉంది. విండోస్‌లో సి డ్రైవ్‌లో న్యూ అని ఫోల్డర్ పెట్టుకుని, ఆ దారిని కోట్స్‌లో ఉన్నదున్నట్టు రాసి, ఫైల్ దొరకట్లేదని నేనొక రాత్రంతా పోగొట్టుకున్నాను, దారి మధ్యలో లైన్ విరిగిపోయిందని తెల్లారాక తెలిసింది.
అసలు ఎస్కేప్ అనే మాటకి పారిపోవడం అని కాదు ఉద్దేశం. కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి ఒక్కో నంబర్ ఇచ్చే పట్టిక ఆస్కీ, అందులో 27వ నంబర్ ఎస్కేప్ అనే గుర్తు, దాని వెనకున్న మనిషి బాబ్ బీమర్, 1961లో బ్యాక్‌స్లాష్‌ని ఆస్కీలోకి తెచ్చింది కూడా ఆయనే. "ఇక్కణ్ణుంచి వచ్చేదాన్ని మామూలు అర్థంలో చదవకు, వేరే లెక్కలో చదువు" అని ముందే చెప్పడం అది. ఉన్న అధికారం తీసినా అదే, లేనిది ఇచ్చినా అదే. రెండు వైపులా తిరిగే మాట కావాలి మనకి.

బరంపురం:
పలాయనం వెనక్కి తీసుకుంటన్నాను, గానీ పాతకాలం సంగతి ఒకటి చెప్పనివ్వండి. పాణినికీ ఇదే తలనొప్పి. 'హలంత్యమ్' అని ఒక సూత్రం, ఉపదేశంలో, అంటే ఆయన మొదట చెప్పిన రూపంలో, చివరి హల్లు ఉత్త గుర్తు మాత్రమే, లోపించిపోద్ది, ఆయన అక్షరాల వరస అఇఉణ్‌లో ణ్ లాగ. మరి విభక్తి ప్రత్యయం చివర హల్లు నిజంగానే కావాలంటే? వెంటనే తర్వాతి సూత్రం 'న విభక్తౌ తుస్మాః', విభక్తుల్లో త వర్గమూ స మ లూ చివర ఉంటే వాటిని గుర్తులనుకోవద్దు. అందుకే జస్‌లో స్, అమ్‌లో మ్ బతికున్నాయి. ఆయన గీత పెట్టలేదు, రూలే రాసేశాడు.

రాయగడ:
ఇది మాత్రం బాగుంది. ఒప్పుకుంటన్నా.

జయపురం:
అంత దూరం ఎందుకు, మన పొల్లు చూడండి. జ కి పొల్లు పెట్టి పక్కన క కొడితే రెండూ అతుక్కుని రాజ్కుమార్ అయిపోద్ది. రాజ్‌కుమార్ అని విడిగా కావాలంటే మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పెట్టాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "పొల్లూ, నీ అతికించే పని ఇక్కడ వద్దు" అన్నట్టు. అంతకుముందు ఇస్కీ అని మన దేశం లిపుల స్టాండర్డ్ ఉండేది, 1991ది, అందులో పొల్లు వరసగా రెండుసార్లు కొడితే అతుక్కోకుండా నిలబడేది. సవర లిస్టులో మీరు రెండు కోట్లు కొట్టిన ఉపాయమే. అంటే ఫోన్లో తెలుగు కొట్టేవాళ్లు చాలామంది తెలీకుండానే రోజూ ఎస్కేప్ చేస్తన్నారు.

పర్లాకిమిడి:
ఇవన్నీ రాత్రి మా అమ్మకి చదివి వినిపించాను. అమ్మకి కంప్యూటర్ అంటే మా పిన్ని ఫొటోలు చూసుకునేది, అంతే. చింతపండు పిక్కలు తీస్తా మొత్తం వింది, విని "కన్ను గీటినట్టా?" అంది. అదేటమ్మా అంటే, కన్ను గీటి "కూర బెమ్మాండంగా ఉంది" అన్నారంటే కూర బాగోలేదని. అదే కన్ను గీటి "ఒట్టి ఎదవ్వి నువ్వు" అంటే అది తిట్టు కాదు, ముద్దు. గీటాక వచ్చిన మాటని ఉన్నదున్నట్టు తీసుకోకూడదు, అంతేనా మీ గొడవ, అంది. నాకు కాసేపు మాట రాలేదు. గీటు అంటే గీత కూడా కదా!

గుణుపురం:
అమ్మకి నా నమస్కారాలు చెప్పు. రెండు వైపులా తిరిగే మాట అదే.

బరంపురం:
మాట గొప్పదే కానీ, క్లాసులో ఆడపిల్లలూ ఉంటారు, మాస్టారు నిలబడి "ఇక్కడ కన్ను గీటాలి" అంటే ఇంటికెళ్లి ఏం చెప్తారో ఆలోచించండి.

రాయగడ:
హహ. గీటు చాలు, కన్ను తీసెయ్. కోట్‌కి గీటు, ఎన్‌కి గీటు, గీటే కావాలంటే గీటుకి గీటు \\.

గుణుపురం:
ఒక్కటి మర్చిపోకు తమ్ముడూ, డేటాబేసులోకి ఎక్కించేటప్పుడు నువ్వు చేత్తో కోట్లు డబుల్ చేసుకుంటా కూచోకు, ఏదో ఒకటి వదిలేస్తావు, ఆ సందులోంచే దొంగలు దూరతారు. ఆర్డర్‌లో మాట ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, మాటని విడిగా పంపించు. అప్పుడు గీటు అవసరమే ఉండదు. గీటు నేర్పు, వాడకం మాత్రం కోడ్‌లో కోట్ల మధ్య రాసే మాటలకి, అదే స్ట్రింగులకి, ఉంచు.

పర్లాకిమిడి:
అలాగే చేశానన్నా, లిస్టు మొత్తం ఎక్కేసింది. ఇవాళ పిల్లలకి గీటు అనే చెప్పాను. ఆ పారిపోయే ప్రశ్న అడిగినోడే బోర్డు మీద \\\\ గీసి, ప్రింట్ చేస్తే ఎన్ని కనబడతాయని మిగతావాళ్లని అడిగాడు. ముగ్గురు రెండన్నారు, ఇద్దరు నాలుగన్నారు. ఆ ఇద్దరికీ రేపు మళ్లీ.